దీపాల దారి – 11: చోక్ చేతిలో పగ్గం

హైదరాబాద్‌లో నాచారం పారిశ్రామికవాడ నుంచి మల్లాపూర్ వైపు పోయే దారిలో ఒక పాత ఇనప సామాన్ల కొట్టు ఉంది. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాను. నడివయసు మనిషొకాయన గోనెసంచి పరుచుకుని ట్యూబ్‌లైట్ చోకులు పగలగొడుతున్నాడు. ఎడమ చేత్తో చోక్‌ను ఇనప దిమ్మ మీద నిలబెట్టి, అతుకు దగ్గర ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే పైనున్న రేకు డొప్ప విచ్చుకుంటుంది. లోపల తారులాంటి నల్లటి ముద్ద ఉంటుంది. ఇంకో రెండు దెబ్బలకు అది పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి పేర్చిన పలచటి ఉక్కు రేకులు పేకముక్కల్లా జారిపడతాయి. చివరికి బయటపడేది తీగచుట్ట. రాగిదైతే ఒక కుప్పలోకి, అల్యూమినియందైతే ఇంకో కుప్పలోకి పోతుంది.

"పైన రాసేది వేరే, లోపట ఉండేది వేరే సార్. చేతుల పట్టుకుంటే తెలుస్తది," అన్నాడాయన. పగలగొట్టకముందే చోక్‌ను అరచేతిలో ఒకసారి ఎగరేసి, అది రాగో కాదో చెప్పేస్తున్నాడు. నేను చూసినంతసేపూ ఒక్కటీ తప్పలేదు.

గత వారం తంతి బల్బు కథ ముగించాం. ఈ వారం ట్యూబ్‌లైట్. దీని చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా గాజు గొట్టం కథే చెప్పారు. అది కంటికి కనిపిస్తుంది, వెలుగుతుంది, ఫొటోలో బాగుంటుంది. కానీ నాచారం, ఉప్పల్ షెడ్లలో ట్యూబ్‌లైట్ వెలుతురులో రాత్రి షిఫ్టులు చేసినవాళ్లను అడిగితే చెప్పేది చోక్ గురించే. గుయ్యిమని మోగింది చోక్, వేడెక్కింది చోక్, కరెంటు బిల్లు పెంచింది చోక్, కాలిపోతే ఘాటు వాసన కొట్టిందీ చోకే. నా మటుకు నాకు ట్యూబ్‌లైట్ చరిత్రలో సగానికి పైగా చోక్ చరిత్రే అనిపిస్తుంది. అందుకే ఈ భాగం ఆ నల్ల ముద్ద దగ్గర మొదలుపెట్టాను.

అసలు చోక్ ఎందుకు?

తంతి బల్బుకు చోక్ అక్కర్లేదు. తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, కరెంటు దానంతటదే అదుపులో ఉంటుంది. గొట్టంలో వాయువు తీరు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అందులో ఒకసారి కరెంటు పారడం మొదలైతే వాయువులోని అణువులు విద్యుదావేశం పొంది ఇంకా ఎక్కువ కరెంటుకు దారి ఇస్తాయి. ఆ ఎక్కువ కరెంటు మరిన్ని అణువులను అలాగే మారుస్తుంది. చెరువు కట్టకు గండి పడటం చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. నీరు పోయేకొద్దీ గండి పెద్దదవుతుంది, గండి పెద్దదయ్యేకొద్దీ నీరు ఎక్కువ పోతుంది. ఉప్పల్ నల్లచెరువుకు తూము ఎందుకు కట్టారో, ట్యూబ్‌లైట్‌కు చోక్ అందుకే పెట్టారు. చోక్ లేకుండా ట్యూబును నేరుగా 230 వోల్టులకు కలిపి వెలిగిస్తే, ఫ్యూజు పోయేదాకానో ట్యూబు పేలేదాకానో కరెంటు పెరుగుతూనే పోతుంది.

ఇంగ్లీషులో దీన్ని బ్యాలస్ట్ అంటారు. ఓడ ఒరిగిపోకుండా అడుగున వేసే బరువుకు ఉన్న పేరది. మన ఎలక్ట్రీషియన్లు ఆ మాట పట్టించుకోలేదు. కరెంటు గొంతు నొక్కి పట్టేది కాబట్టి చోక్ అన్నారు. పనిని బట్టి చూస్తే ఈ పేరే సరైనదని నా అభిప్రాయం.

బాన్ నుంచి న్యూయార్క్ దాకా

గొట్టంలోని వాయువులో కరెంటు పంపి వెలుగు రప్పించడం పాత విద్యే. జర్మనీలోని బాన్ పట్టణంలో గాజు పనిముట్లు చేసే హైన్రిక్ గైస్లర్ 1857లో అలాంటి గొట్టాలు తయారుచేశాడు. అవి వింత వస్తువులుగా ప్రదర్శనలకు పనికొచ్చాయి గానీ వాటి వెలుతురులో ఎవరూ పుస్తకం చదవలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ బెకెరెల్ గొట్టం లోపల మెరిసే పొడి పూసి చూశాడు. రేడియోధార్మికత కనిపెట్టిన హెన్రీ బెకెరెల్ ఈయన కొడుకే. ట్యూబ్‌లైట్‌లో ఉండాల్సిన రెండు ముక్కలూ, అంటే వాయువూ పొడీ, 19వ శతాబ్దంలోనే ఒకచోట చేరాయి. లేనిదల్లా వాటిని గంటల తరబడి స్థిరంగా వెలిగించే ఉపాయం.

1901లో అమెరికన్ ఇంజనీరు పీటర్ కూపర్ హ్యూవిట్ పాదరసం ఆవిరితో దీపం చేశాడు. తంతి బల్బుకన్నా ఎంతో పొదుపైన దీపం. అయితే వెలుతురు నీలి ఆకుపచ్చ రంగులో ఉండేది, ఎరుపు అన్నదే లేదు. దాని కింద మనిషి మొహం శవం మొహంలా కనపడేది. ఇళ్లలో ఎవరూ పెట్టుకోలేదు. ఫొటో స్టూడియోలు, కర్మాగారాలు మాత్రం తీసుకున్నాయి.

ఈ పాదరసం ఆవిరి కంటికి కనపడే వెలుతురుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా అతినీలలోహిత కిరణాలు ఇస్తుంది. గొట్టంలో ఒత్తిడి బాగా తగ్గిస్తే శక్తిలో ఎక్కువ భాగం 254 నానోమీటర్ల కిరణంగానే వెలువడుతుంది. దాన్ని పొడి మీద పడనిచ్చి తెల్లటి వెలుతురుగా మారిస్తే చాలు. 1926లో బెర్లిన్‌లో ఎడ్మండ్ జెర్మర్, ఫ్రీడ్రిక్ మేయర్, హాన్స్ స్పానర్ ఈ ఆలోచన మీద పేటెంటుకు దరఖాస్తు చేశారు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆ తర్వాత 1,80,000 డాలర్లు పోసి ఆ హక్కులు కొనుక్కుంది. ఆ కంపెనీలోనే జార్జ్ ఇన్‌మన్ బృందం 1934 నుంచి పనిచేసి, 1938లో ట్యూబును అమ్మకానికి తెచ్చింది. మరుసటేడు న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం దాన్ని మొదటిసారి బారులు బారులుగా చూశారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో కొత్త దీపానికి మొదట అడ్డం పడింది కరెంటు కంపెనీలు. వాటికి రెండు భయాలు. ఒకటి, ఈ దీపం తక్కువ కరెంటు తాగుతుంది, అమ్మకాలు పడిపోతాయి. రెండోది చోక్. చోక్ వల్ల పవర్ ఫ్యాక్టర్ పడిపోతుందనీ, తీగల్లో పారే కరెంటుకు తగ్గ డబ్బు మీటరులో పడదనీ వాళ్ల గోడు. మొదటి భయంలో స్వార్థం ఉంది, రెండోది మాత్రం నిజం. ఆ రెండో గొడవ మన దగ్గరికీ వచ్చింది, కాసేపట్లో అక్కడికి వస్తాను.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. రాత్రింబవళ్లు విమానాలు, గుండ్లు తయారుచేసే కర్మాగారాలకు నీడలు పడని వెలుతురు కావాలి. ట్యూబు అక్కడ స్థిరపడిపోయింది. 1951 నాటికి అమెరికాలో తంతి బల్బులు ఇచ్చే వెలుతురుకన్నా ట్యూబులు ఇచ్చే వెలుతురే ఎక్కువైంది.

ఆ వెలుతురు కోసం కొందరు ఊపిరితిత్తులు ఇచ్చారు. తొలి ట్యూబుల లోపలి పొడిలో బెరీలియం ఉండేది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలం పట్టణంలో ట్యూబుల కర్మాగారంలో పనిచేసిన యువతులకు ఆయాసం, దగ్గు పట్టుకున్నాయి. బరువు తగ్గి, మెట్లెక్కలేని స్థితికి వచ్చారు, కొందరు చనిపోయారు. మొదట్లో ఇది వేరే జబ్బనుకున్నారు. హ్యారియట్ హార్డీ అనే వైద్యురాలు ఒక్కొక్కరి పని వివరాలు తవ్వి తీసి, తన సహచరుడు ఇర్వింగ్ ట్యాబర్‌షాతో కలిసి 1946లో దోషం పొడిదేనని ప్రచురించింది. 1949లో అమెరికా దీపాల కంపెనీలు బెరీలియం మానేశాయి. అప్పటికే ఇంగ్లండులో మెక్కాగ్, రాన్‌బీ అనే ఇద్దరు 1942లో హాలోఫాస్ఫేట్ పొడి కనిపెట్టి ఉన్నారు. అది ప్రాణాంతకం కాదు, చవక కూడా. మన ఇళ్లలో అర్ధ శతాబ్దం వెలిగిన తెల్లటి వెలుతురు ఆ పొడిదే. ట్యూబ్‌లైట్ గురించి ఎవరు రాసినా సేలం అమ్మాయిల పేరు ఎత్తకుండా ముగించకూడదని నేను నమ్ముతాను.

230 వోల్టుల అదృష్టం

మన దేశానికి ట్యూబ్‌లైట్ వచ్చేసరికి ఒక అనుకూలత సిద్ధంగా ఉంది. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులే. నాలుగడుగుల ట్యూబు వెలుగుతున్నప్పుడే దాని రెండు కొసల మధ్య 100 వోల్టులకు పైగా ఉంటుంది. కాబట్టి అక్కడ చోక్ ఒక్కటే సరిపోదు, వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మరు కూడా కావాలి. మనకు 230 వోల్టులు. ఒక తీగచుట్ట, కాస్త ఉక్కు, ఒక చిన్న స్టార్టరు ఉంటే పని అయిపోతుంది. ఇంత తేలికైన వస్తువు కాబట్టే చిన్న షెడ్డులో నలుగురైదుగురు కూర్చుని చేయగలిగే పరిశ్రమైంది.

స్టార్టరు చేసే పని దగ్గరగా చూడాలి. ఆ చిన్న అల్యూమినియం డబ్బీ మూత తీస్తే లోపల బొటనవేలి గోరంత గాజు బుడ్డి, పక్కనే ఒక చిన్న కండెన్సరు ఉంటాయి. బుడ్డిలో రెండు లోహపు పట్టీలుంటాయి. స్విచ్ వేయగానే బుడ్డిలోని వాయువు మెరుస్తుంది. ఆ వేడికి ఒక పట్టీ వంగి రెండోదాన్ని తాకుతుంది. ఇప్పుడు కరెంటు చోక్‌లోంచి, ట్యూబు రెండు కొసల్లోని తీగల్లోంచి పారుతుంది, కొసలు ఎర్రబడతాయి. బుడ్డిలో మెరుపు ఆగిపోవడంతో పట్టీ చల్లబడి విడిపోతుంది. విడిపోయిన ఆ క్షణంలో చోక్‌లో నిలవున్న అయస్కాంత శక్తి ఒక్క పెట్టున తిరగబడి కొన్ని వందల వోల్టుల దెబ్బ కొడుతుంది. ట్యూబు అంటుకుంటుంది. తరంగంలో సరైన చోట ఆ దెబ్బ పడకపోతే మళ్లీ మొదటినుంచీ. మనం చూసే టపటప అదే. ఒకసారి వెలిగాక స్టార్టరును ఊడబీకినా ట్యూబు ఆరదు. ఒకే స్టార్టరుతో రెండు గదుల్లో రెండు ట్యూబులు వెలిగించుకున్న ఇళ్లు నాకు తెలుసు.

ఇక సాయంత్రం వోల్టేజి. 1980ల్లో రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం నుంచి సినిమా వచ్చే వేళకు ఇంటింటా అన్నీ ఒకేసారి వేసేవారు. వోల్టేజి 180కి దిగజారేది. ముందే వెలిగిన ట్యూబు వెలుగుతూనే ఉండేది, ఆరిన ట్యూబు మాత్రం ఎంతకీ అంటుకునేది కాదు. అందుకే చీకటి పడకముందే ట్యూబు వేసి ఉంచడం అప్పటి గృహిణుల తెలివి. చెప్పిన మాట ఆలస్యంగా అర్థమయ్యేవాణ్ని ట్యూబ్‌లైట్ అని పిలవడం మనకు అక్కడే అలవాటైంది. నిజానికి ఆ ఆలస్యం ట్యూబుదీ కాదు, చోక్‌దీ కాదు. లైను చివర ఉన్నవాడి కర్మ అది.

షెడ్డు వెలుతురు

హైదరాబాద్ తూర్పు కొసన ఉప్పల్, నాచారం 1960, 70 దశకాల్లో పారిశ్రామికవాడలయ్యాయి. 1967లో కుషాయిగూడ దగ్గర ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇ.సి.ఐ.ఎల్. వచ్చింది. 1973లో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏర్పడింది. నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కట్టారంటే ఆ చుట్టుపక్కల ఎంతమంది కార్మికులున్నారో ఊహించుకోవచ్చు. అక్కడే హెచ్.ఎం.టి. నగర్ ఉంది. ఆ సంస్థ పేరు చెబితే మనకు చేతి గడియారం గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో మాత్రం అది యంత్రాలతోపాటు దీపాలు కూడా తయారుచేసింది. లేతుకు, లేతు మీద పడే వెలుతురుకు ఒకే ముద్ర.

ఆ లేతు మీదే ట్యూబ్‌లైట్ ఒక ప్రమాదం తెచ్చిపెట్టింది. 50 సైకిళ్ల కరెంటులో ట్యూబు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. మామూలుగా కన్ను దాన్ని పట్టుకోదు. లేతు చక్‌కు నాలుగు దవడలుండి, అది నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 25 చుట్లు. 25ను నాలుగుతో గుణిస్తే 100. ప్రతి మెరుపుకూ ఒక దవడ ఉన్నచోటికి సరిగ్గా ఇంకో దవడ వచ్చి నిలుస్తుంది. కంటికి చక్ ఆగిపోయినట్టే కనపడుతుంది. మూడు దవడల చక్ అయితే 2000 చుట్ల దగ్గర ఇదే మాయ. యంత్రాల హోరులో ఏ యంత్రం మోగుతోందో తెలియదు. ఆగిందనుకుని చెయ్యి పెట్టినవాడి సంగతి నేను రాయనక్కర్లేదు.

దీనికి విరుగుడు కూడా చోక్ దగ్గరే దొరికింది. జంట ట్యూబుల ఫిట్టింగులో ఒక చోక్‌కు వరుసలో కండెన్సరు కలిపితే దాని కరెంటు ముందుకు జరుగుతుంది, రెండోదాని కరెంటు వెనకబడి ఉంటుంది. ఒక ట్యూబు తగ్గే క్షణానికి రెండోది వెలుగుతుంది. లేదా పక్కపక్క వరుసలను మూడు ఫేజులకు పంచుతారు. పాతకాలం ఫోర్‌మన్ ట్యూబుల వరుసల్ని ఆర్, వై, బి అని పంచి కట్టించాడంటే అది చాదస్తం కాదు. కొన్ని చేతివేళ్లు దానివల్లే మిగిలాయి.

ఈ మిణుకే నాచారంలో ఇంకో చోట ఇబ్బంది పెట్టేది. ఎన్.టి. రామారావు ఇక్కడ కట్టిన రామకృష్ణా స్టూడియోలాంటి చోట్ల సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. 100ను 24 సమంగా భాగించదు. మామూలు చోక్ ఉన్న ట్యూబు కింద తీస్తే ఒక బొమ్మకు ఎక్కువ వెలుతురు, ఇంకోదానికి తక్కువ పడి తెరమీద వెలుగు అలలు అలలుగా కదలొచ్చు. అందుకే స్టూడియోలు చాలాకాలం తంతి దీపాలనే నమ్ముకున్నాయి. 1987లో హాలీవుడ్‌లో ‘బార్‌ఫ్లై’ సినిమాకు ఫ్రీడర్ హోచైమ్ అనే లైటింగ్ మనిషి చోక్‌ను ట్యూబు నుంచి విడదీసి దూరంగా పెట్టి, వేగంగా కొట్టుకునే ఎలక్ట్రానిక్ చోక్ వాడి ఈ చిక్కు విప్పాడు. కినో ఫ్లో దీపాలు అలా పుట్టాయి.

ఉప్పల్ రోడ్డు మీదే హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉంది. అలాంటి జీవశాస్త్ర ప్రయోగశాలల్లో క్రిముల్ని చంపేందుకు వాడే దీపం పొడి పూయని ట్యూబే. మామూలు గాజు అతినీలలోహిత కిరణాల్ని ఆపేస్తుంది కాబట్టి దానికి ప్రత్యేకమైన గాజు వాడతారు. లోపల అదే పాదరసం, వెనకాల అదే చోక్. మన ఇంటి దీపం చొక్కా విప్పితే అదే.

రాగి, కాగితం, వార్నిషు

చోక్ ఎలా పుడుతుందో ఒకప్పుడు ఇక్కడి చిన్న షెడ్డులో చూశాను. ఆడవాళ్లు వరసగా కూర్చుని చుట్టే యంత్రం మీద బాబిన్ పెట్టి ఎనామిల్ తీగ చుట్టేవారు. యంత్రానికి లెక్క చూపించే మీటరున్నా వాళ్ల పెదాలు కదులుతూనే ఉండేవి. చుట్టలోకి ఇ ఆకారపు ఉక్కు రేకులు ఒక పక్కనుంచి, ఐ ఆకారపువి ఇంకో పక్కనుంచి పేర్చాలి. ఆ రెంటి మధ్య కొంచెం సందు ఉండాలి. సందులో పెట్టేది కాగితం ముక్క. చోక్ ప్రాణమంతా ఆ కాగితం మందంలో ఉంది. కాగితం మందం పెరిగితే ట్యూబులో కరెంటు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. నాలుగడుగుల ట్యూబుకు 0.43 ఆంపియర్లు పారాలి. పరీక్ష బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన మీటరు ముల్లు చూసి ఒక పొర తీయమనో, ఇంకోటి వేయమనో చెప్పేవాడు. ఆ తర్వాత వార్నిషులో ముంచి కొలిమిలో ఎండబెట్టి, రేకు డొప్పలో పెట్టి తారు పోసేవారు. రేకులు కదిలితే సెకనుకు 100 సార్లు అదిరి గుయ్యిమంటాయి. తారు పోసేది ఆ నోరు మూయడానికే, వేడి బయటికి పోవడానికి కూడా.

దీనికి ఐ.ఎస్. 1534 అని మన ప్రమాణం ఉంది. స్టార్టరుకు 2215, ట్యూబుకు 2418. ప్రమాణం పాటించి చేసిన చోక్ ఇరవై ఏళ్లు పనిచేసింది. రాగి బదులు అల్యూమినియం, మంచి ఉక్కు బదులు తుక్కు రేకు వేసి చేసిన చోక్ కొన్నవాడి ఇంట్లో రోజూ కరెంటు తింది. కొన్నవాడికి తేడా తెలిసే దారి లేదు. అరచేతిలో ఎగరేసి చెప్పగల మనిషి ప్రతి కొట్టులోనూ ఉండడు కదా.

ఎంత తింది? 40 వాట్ల ట్యూబుకు మామూలు చోక్ తనంతట తాను 12 నుంచి 15 వాట్లు వేడిగా పారబోస్తుంది. 100 ట్యూబులున్న షెడ్డులో రెండు షిఫ్టులు, అంటే 16 గంటలు వెలిగితే, వెలుతురు ఇవ్వని ఖర్చే రోజుకు 19 యూనిట్లు దాటుతుంది. రేకుల కప్పు కింద ఏప్రిల్ నెలలో ఆ వేడి కూడా కార్మికుల మీదే. పవర్ ఫ్యాక్టర్ దెబ్బ వేరే. 0.43 ఆంపియర్లను 230తో గుణిస్తే దాదాపు 99 వస్తుంది. నిజంగా ఖర్చయ్యేది 55 వాట్లలోపే. మిగతాది తీగల్లో ఊరికే వచ్చి పోతుంటుంది, ట్రాన్స్‌ఫార్మరు దాన్ని మోయాలి. 1939లో అమెరికా కరెంటు కంపెనీలు మొత్తుకున్నది దీన్ని గురించే. ఫిట్టింగులో నాలుగు మైక్రోఫారడ్లలోపు కండెన్సరు ఒకటి పెడితే చాలావరకు తీరిపోయే సమస్య. ఇళ్లలో దాన్ని పెట్టినవాళ్లు తక్కువ. ఫ్యాక్టరీలకు జరిమానా పడుతుంది కాబట్టి వాళ్లు పెట్టారు.

తేలికైన చోక్

ట్యూబు సన్నబడింది. 38 మిల్లీమీటర్ల లావు 26కు తగ్గింది, 40 వాట్లు 36 అయ్యాయి. 1990ల మధ్యలో 16 మిల్లీమీటర్ల 28 వాట్ల ట్యూబు వచ్చింది, దానికి పాత చోక్ పనికిరాదు. 2006లో మన ఇంధన పొదుపు సంస్థ నక్షత్రాల గుర్తులు మొదలుపెట్టినప్పుడు మొదటి వస్తువుల్లో ట్యూబ్‌లైట్ ఒకటి. అసలు మార్పు మాత్రం చోక్‌లో వచ్చింది. ట్యూబుకు 50 సైకిళ్ల బదులు 20 వేల సైకిళ్లకు పైన కరెంటు ఇస్తే అదే వెలుతురు పది శాతం తక్కువ కరెంటుకే వస్తుంది. మిణుకు కంటికే కాదు, లేతు చక్‌కు కూడా అందదు. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు డయోడ్లు, వేలికి తొడుక్కునేంత ఫెరైట్ ఉంగరం, ఒక కండెన్సరు. కిలో బరువుకు దగ్గరగా ఉండే చోక్ గుప్పెడు బరువుకు దిగింది.

ఆ విద్యకు కావలసిన చేతులు ఇక్కడే ఉన్నాయి. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఎ.ఎస్. రావు ఇ.సి.ఐ.ఎల్.ను నిలబెట్టాక, సోల్డరింగు పట్టిన తరం ఒకటి ఈ తూర్పు హైదరాబాద్‌లో తయారైంది.

అయినా ఎలక్ట్రానిక్ చోక్ షెడ్లలో చాలాచోట్ల ఓడిపోయింది. పక్కన వెల్డింగు యంత్రం ఆగినా, లైను మీద పిడుగు పడినా వచ్చే వోల్టేజి దెబ్బను రాగి చోక్ చలనం లేకుండా భరిస్తుంది. ట్రాన్సిస్టరు భరించదు. రక్షణ భాగాలు పెట్టి చేసినవి నిలిచాయి. ధర తగ్గించాలని వాటిని పీకేసి చేసినవి నెలల్లో పోయాయి. జనం "మళ్లీ రాగి చోకే వేయి" అన్నారు. తప్పు విద్యది కాదు. పది రూపాయలు మిగుల్చుకోవాలని రక్షణ తీసేసినవాళ్లది.

ఆ చిన్న చోక్‌ను బల్బు మెడలోనే ఇమిడ్చితే సి.ఎఫ్.ఎల్. 2009లో ఆస్రామ్ కంపెనీ విశాఖపట్నంలో లక్షల సి.ఎఫ్.ఎల్.లు పంచే పథకాన్ని ఐక్యరాజ్యసమితి కర్బన పొదుపు విధానం కింద నమోదు చేయించింది. ఆ తర్వాత ఎల్.ఇ.డి. ముంచెత్తింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వీధి దీపాలను ఊడ్చేశాక ఆ నగరం ఎల్.ఇ.డి.లతో తిరిగి వెలిగింది. హైదరాబాద్‌లో నాలుగు లక్షలకు పైగా వీధి దీపాలు మారాయి. 2017 నవంబరులో మెట్రో ఉప్పల్ మీదుగా నడిచేసరికి గొట్టం దీపానికి చివరి రోజులొచ్చేశాయి. ఎల్.ఇ.డి. వెనకాలా కరెంటును అదుపుచేసే ముక్క ఉంది, దాని పేరు డ్రైవరు. పోయేది ఎక్కువగా ఎల్.ఇ.డి. కాదు, డ్రైవరే. ఆ సంగతి వచ్చే వారం.

పాదరసం మీద మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది. 2023 నవంబరులో సభ్యదేశాలు ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతులకు గడువు పెట్టాయి. హాలోఫాస్ఫేట్ ట్యూబులకు 2026, మిగిలిన మామూలు ట్యూబులకు 2027.

ఆ మధ్యాహ్నం లేవబోతూ అడిగాను, "చోకులు సరే, ట్యూబులు కొనరా?" ఆయన నవ్వాడు. "దాన్ల ఏముంటది సార్? గాజు. చెత్తల ఏస్తరు." చోక్‌లో రాగి ఉంది కాబట్టి దాన్ని ఎవరో ఒకరు జాగ్రత్తగా విప్పుతారు. ట్యూబులో ఉన్న కొన్ని మిల్లీగ్రాముల పాదరసానికి ధర లేదు కాబట్టి అది జవహర్‌నగర్ చెత్తకుప్పలో పగులుతుంది, దాన్ని ఏరేవాళ్ల ఊపిరిలోకి పోతుంది. 2016లోనే మన చట్టం పాదరసం దీపాలను ఇ-వ్యర్థాల్లో చేర్చింది.

మీ అటక మీదో, షెడ్డు మూలనో పాత ట్యూబులు ఉండే ఉంటాయి. వాటిని పగలగొట్టకండి, పిల్లల్ని ఆడుకోనివ్వకండి. అట్ట పెట్టెలో నిలువుగా పెట్టి, అనుమతి ఉన్న ఇ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి. చేతిలో పగిలిపోతే కిటికీలు తెరిచి పావుగంట బయటికి రండి. చీపురుతో ఊడ్చకండి. అట్టముక్కతో ఎత్తి, మిగిలిన పొడిని తడి కాగితంతో అద్ది, అంతా గాజు సీసాలో వేసి మూత బిగించండి.